వచ్చు, కొంత వచ్చు, రాదు

ఫిబ్రవరి 4, 2003. మంగళవారం

మండలంలో మీటింగ్. అంగన్‌వాడీ టీచర్లం ఇరవై రెండు మందిమి వచ్చాం, కుర్చీలు పద్నాలుగే ఉన్నాయి. నేను కిటికీ గట్టు మీద కూర్చున్నాను.

సూపర్‌వైజర్ భారతి మేడం తలా ఒక కాగితాల కట్ట ఇచ్చింది. మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలకు ఏమేం రావాలో అందులో ఉంది. మొత్తం ఇరవై ఎనిమిది అంశాలు. పది లెక్కపెట్టేదాకా ఒంటికాలి మీద నిలబడాలి. గీత మీద కత్తెరతో కత్తిరించాలి. ఐదు రంగులు గుర్తుపట్టాలి. తన వంతు వచ్చేదాకా ఆగాలి. జరిగిన సంగతి జరిగినట్టు, వరసగా చెప్పాలి. ఒక్కోదానికి ఎదురుగా మూడు గళ్లు: వచ్చు, కొంత వచ్చు, రాదు. ఏదో ఒక గడిలో టిక్ పెట్టాలి. పందొమ్మిదో తేదీకల్లా ఇచ్చేయాలి.

ఇది పరీక్ష కాదని, కూర్చోబెట్టి అడగొద్దని, పిల్లలు ఆడుకుంటుంటే చూసి రాయాలని మేడం మూడుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పేసరికి మా బస్సు టైమైంది. అందరం లేచాం.

బస్సులో కట్ట మొత్తం చదివాను. నాకు నచ్చింది. టెంత్ పాసయినప్పటి నుంచి నాకెవరూ ఇంత పెద్ద పని చెప్పలేదు.

ఫిబ్రవరి 5

మా సెంటర్లో ఇరవై ఒక్క మంది పిల్లలు. ముత్యాలప్పతో మొదలుపెట్టాను. వాడికి నాలుగున్నరేళ్లు, గొర్రెలు కాసే తిప్పయ్య మనవడు. అమ్మానాన్న బెంగుళూరులో కట్టడం పనికి పోయారు, వీడు అవ్వాతాతల దగ్గర పెరుగుతున్నాడు.

ఎర్ర చాక్‌పీస్ చూపించి ఇదేం రంగు అని అడిగాను. "మా మామ అంగీ" అన్నాడు. పసుపుపచ్చది చూపించాను. "మా మామ అంగీ గాదు" అన్నాడు. దీనికి ఏ గడిలో టిక్ పెట్టాలి?

సరే, నిన్న ఏం జరిగిందో చెప్పు అన్నాను. నిన్న కరడి వచ్చిందంట. కరడి అంటే కన్నడంలో ఎలుగుబంటి. నాది గార్లదిన్నె, పెళ్లయి ఈ సరిహద్దు ఊరికి వచ్చిన కొత్తలో ఆ మాట తెలియక కరడి అంటే ఎవరో వాళ్ల చుట్టం అనుకునేదాన్ని. ఆ కరడి గుమ్మఘట్ట కొండల్లోంచి దిగివచ్చి వాళ్ల గొర్రెలను లెక్కపెట్టిందంట. ఒకటి తక్కువ వచ్చిందంట. తాతను లేపి చెప్పిందంట. ఇద్దరూ కలిసి వెతికారంట. గొర్రె దొరికాక తాత కరడికి బీడీ ఇచ్చాడంట.

అరగంట అయింది. ఒక పిల్లవాడు, రెండు అంశాలు. అటు ఉప్మా అడుగంటింది.

ఫిబ్రవరి 6

మా సెంటర్లో మూడేళ్ల పాపన్న కాగితం తిన్నాడు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా అంశాలున్న కాగితం.

ఫిబ్రవరి 18. సాయంత్రం ఆరు

రేపు ఇవ్వాలి. ఈ పన్నెండు రోజుల్లో పోలియో చుక్కలు, గర్భిణీల బరువులు, ఇంటింటి సర్వే. పట్టికలో ముగ్గురు పిల్లలవే అయ్యాయి, అవీ సగం సగం.

ఇందాక కూర్చుని రాసేశాను, పాపన్న తిన్నదాని బదులు తెల్లకాగితం మీద గళ్లు గీసుకొని. ఇరవై ఒక్క మంది, ఒక్కొక్కరికి ఇరవై ఎనిమిది. ఐదు వందల ఎనభై ఎనిమిది టిక్కులు. అన్నీ 'వచ్చు' గడిలోనే.

మా ఆయన రామాంజి ఊరికి నీళ్ల ట్యాంకరు తోలే ట్రాక్టర్ డ్రైవర్. ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా వెనక నిలబడి చూశాడు. "పాపన్న కత్తెర పట్టుకుంటాడా? ఏ చెప్పు ఏ కాలికేసుకోవాల్నో వానికి తెల్దు" అన్నాడు. పోయి కాళ్లు కడుక్కో అన్నాను. అతను పోయాక పాపన్నకు రెండు టిక్కులు 'కొంత వచ్చు'లోకి మార్చాను. నిజంలా కనిపించాలని.

అబద్ధం రాయడం ఇంత తేలికని తెలియదు. అంత రాసినా చేయి నొప్పి పుట్టలేదు.

ఫిబ్రవరి 19

భారతి మేడం కాగితాలు తిప్పి తిప్పి చూసింది. మండలంలో మనదే ఫస్ట్ సెంటరు కృపా, అంది. అందరి ముందూ అంది. తిరిగి వచ్చేటప్పుడు కిటికీ సీటు దొరికింది. సంతోషంగానే ఉంది, ఎందుకు దాచాలి.

మార్చి 3. సోమవారం

మేడం కండక్టర్ చేతికిచ్చి చీటీ పంపింది. ఇరవై ఎనిమిదో తేదీన అనంతపురం నుంచి పి.డి. మేడం, మా శాఖకు జిల్లాలో పెద్ద ఆఫీసరు, మా సెంటరు చూడటానికి వస్తుందంట. జిల్లాలో ఇంత బాగా ఎక్కడా రాలేదని, ఆ పిల్లలను తానే స్వయంగా చూస్తానందంట.

మూడుసార్లు చదివాను. మా ఆయా సుంకమ్మ, ఏమైంది మొగం అట్లుండాది, అని అడిగింది. పెద్ద మేడం వస్తోంది, పిల్లలకేం వచ్చో చూస్తుందంట, అన్నాను. అంతే అన్నాను. అది కూడా అనకుండా ఉండాల్సింది.

మార్చి 5

సుంకమ్మ ట్యాంకరు దగ్గర చెప్పిన మాట నిన్న మధ్యాహ్నానికి 'పరీక్ష' అయింది. ఈ రోజు పొద్దునకు 'ఫెయిలైతే సెంటరు మూసేస్తారు, ఉప్మా, పిండి బంద్' అయింది. పదకొండు మంది తల్లులు మా ఇంటికొచ్చారు. "మా పాపకు నోరు తిరగదు, మాకు పిండి ఇయ్యరా?" అని ఒకామె ఏడ్చింది.

నవ్వే సంగతి కాదు. వాన లేక ఇది మూడో ఏడు. చెనిక్కాయ గింజలు వేసినవాళ్లకు గింజలు కూడా తిరిగి రాలేదు. కొన్ని ఇళ్లల్లో పిల్లలు పగలు తినేది మా ఉప్మా ఒక్కటే. పరీక్ష లేదు, ఏదీ ఆగదు అని ఒట్టు పెట్టి చెప్పాను. ఎంత గట్టిగా చెబితే వాళ్ల అనుమానం అంత పెరిగింది.

మార్చి 8

టీ హోటలు కుళ్లాయప్ప ట్యూషన్ పెట్టాడు. ఏడో తరగతి చదివాడు, ఊళ్లో మగవాళ్లలో అతన్ని మించి చదువుకున్నవాడు లేడు. తన కూతురు చౌడేశ్వరికి ఐదేళ్లు. ఆమెతో పాటు ఇంకో తొమ్మిది మందిని తెల్లారి ఆరింటికే హోటలు బెంచీల మీద కూర్చోబెట్టి రంగులు, అంకెలు, ఏబీసీడీలు చెప్పిస్తున్నాడు. తప్పు చెబితే గరిటెతో బెంచీ మీద కొడతాడు. పిల్లలను కొట్టడు, బెంచీనే. అయినా పిల్లలు ఉలిక్కిపడతారు.

సెంటరుకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు: "కొశ్చన్ పేపరు ఒక్కసారి చూపియ్యి టీచరమ్మా, నేను యాడా చెప్పను."

అతను అటు పోయాడో లేదో, కూలికి పోయే మారెప్ప వచ్చాడు. ఒకటో తరగతి చదివే పెద్దకూతురికి చిన్నదాని గౌను తొడిగి తెచ్చాడు. గౌను నడుం దాకా కూడా రాలేదు. "ఒక్క దినానికే గదా, చిన్నదాని బదులు ఈమెను కూర్చోబెట్టుకో. ఈమెకు అన్నీ వస్తాయి" అన్నాడు. ఆ పిల్ల సిగ్గుతో గౌను కిందికి లాక్కుంటూ నిలబడింది.

వాళ్లు పోయేదాకా ఆపుకొని, తర్వాత నేనూ సుంకమ్మా కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

మార్చి 11

సెంటరు నిశ్శబ్దంగా ఉంది. ఇరవై ఒక్క మంది పిల్లలుండే గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నేననుకోలేదు. మట్టిలో ఎవరూ ఆడటం లేదు. ఏం అడిగినా నా నోటి వైపు చూస్తారు, ఏది చెబితే సరిపోతుందా అని. చౌడేశ్వరిని ఆకలేస్తోందా అని అడిగితే "రెడ్" అంది.

ముత్యాలప్ప మూలన కూర్చుని గోడ గీరుతున్నాడు. కరడి ఏమైందిరా అంటే తల దించుకున్నాడు.

మార్చి 12

ముత్యాలప్ప రాలేదు.

మార్చి 13

ఇవాళా రాలేదు. పన్నెండింటికి సెంటరు సుంకమ్మకు అప్పగించి తిప్పయ్య దొడ్డి దగ్గరికి పోయాను. గొర్రెలు మేతకు పోలేదు, మేయడానికేమీ లేదు. కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మలు విదిలిస్తున్నాడు తిప్పయ్య.

"నాలుగు దినాలుగా వానికి మాట లేదు టీచరమ్మా. కరడి గూడా రాలేదంట" అన్నాడు.

పిల్లవాడు ఎక్కడ అంటే గంప వైపు చూపించాడు. గొర్రెపిల్లలను మూసిపెట్టే పెద్ద గంప. దాని కింద ఒక గొర్రెపిల్లతో పాటు కూర్చున్నాడు. నేను గంప పక్కనే నేల మీద కూర్చున్నాను. ఎంతసేపో ఊరికే కూర్చున్నాం. చివరికి గంపలోంచి అడిగాడు.

"నేను తప్పు చెప్తే అందరికీ ఉప్మా ఉండదంట. నిజమేనా?"

కాదురా అన్నాను. వాడు నమ్మలేదు. ఇన్ని రోజులుగా వాడు మోస్తున్నది తన భయం ఒక్కటే కాదు, ఇరవై ఒక్క మంది అన్నం.

ఇదంతా నా టిక్కుల వల్ల.

మార్చి 16. ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగినట్టే రాస్తాను.

నేను చర్చి నుంచి వచ్చేసరికి సెంటరు ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. పరీక్ష ఎన్ని గంటలకు, ఎవరు ముందు, రాసేదా, నోటితో చెప్పేదా అని అడగడానికి వచ్చారు. పిల్లలను కూడా చంకనెత్తుకొని వచ్చారు. తిప్పయ్య కూడా ముత్యాలప్పను భుజం మీద కూర్చోబెట్టుకొని వచ్చాడు. నాకు ముందుగా ఏ ఆలోచనా లేదు. కోపం మాత్రం ఉంది, అది ఎవరి మీదో కూడా తెలుసు. లోపలికి పోయి ఖాళీ పట్టిక తెచ్చి, పరీక్ష ఇప్పుడే పెడుతున్నాను, పిల్లలకు కాదు, మీకు అన్నాను. పిల్లలను గోడ పక్కన చాప మీద కూర్చోబెట్టి, మీరు చూడండి, ఎవరికి వచ్చో ఎవరికి రాదో మీరే చెప్పాలి అన్నాను.

కుళ్లాయప్ప పంచె ఎగగట్టి ముందుకొచ్చాడు. పది లెక్కపెట్టేదాకా ఒంటికాలి మీద. నాలుగు దగ్గర ఊగాడు. ఆరు దగ్గర మారెప్ప భుజం పట్టుకున్నాడు. ఏడు దగ్గర ఇద్దరూ పడ్డారు. తల్లులు కొంగులు నోట్లో పెట్టుకున్నారు. పిల్లలు మాత్రం నవ్వలేదు, నవ్వొచ్చో లేదో అన్నట్టు నా వైపు చూశారు.

తిప్పయ్య కట్టె పక్కన పెట్టి ఒక కాలు ఎత్తాడు. పది అయింది. ఇరవై అయింది. యాభై ఏళ్లుగా గొర్రెల వెనక అట్లాగే నిలబడేవాడు. "సాలా?" అని కూడా అడగలేదు, అట్లాగే ఉండిపోయాడు.

ముత్యాలప్ప అవ్వ హనుమంతమ్మకు కత్తెర, గీత గీసిన కాగితం ఇచ్చాను. గీత ఒక దిక్కు పోయింది, కత్తెర ఇంకో దిక్కు పోయింది. "కత్తెర మొండిది" అంది.

నేను తర్వాతి అంశం చదువుతున్నాను. 'తన వంతు వచ్చేదాకా ఆగగలరు.' ఆ మాట నా నోట్లో ఉండగానే రామాంజి ట్యాంకరు హారన్ వినిపించింది.

ఒక్కరు ఆగలేదు. చాప దాటి, నన్ను దాటి పరిగెత్తారు. బిందెలు బిందెలకు తగిలి మోగాయి. హనుమంతమ్మ కత్తెర చేతిలో పట్టుకొనే పోయింది. కుళ్లాయప్ప ఎవరి బిందెనో తోసి తన క్యాను పెట్టాడు. సెంటరు ముందు మిగిలింది నేను, పిల్లలు, ఒంటికాలి మీద తిప్పయ్య.

"మా అవ్వకు రాదు."

ముత్యాలప్ప గొంతు. మెల్లగా అన్నాడు. నేను వాడి వైపు తిరగలేదు, తిరిగితే ఆగిపోతాడేమోనని. మళ్లీ అన్నాడు, ఈసారి కొంచెం గట్టిగా. చౌడేశ్వరి లేచి నిలబడి "మా నాయనకు రాదు" అంది. తర్వాత అందరూ. మా అమ్మకు రాదు, మా చిన్నాయనకు రాదు, రాదు, రాదు. పాపన్నకు ఏం జరుగుతోందో తెలియదు, వాడు కూడా చాప మీద దొర్లుతూ "లాదు" అంటున్నాడు. ట్యాంకరు దగ్గర ఒక్కొక్కరే తల తిప్పారు. ముందు సుంకమ్మ నవ్వింది. అంతే, ఆ నవ్వు బిందెల వెంట పాకి చివరిదాకా పోయింది. నేను ఈ ఊరికి వచ్చి ఆరేళ్లు. ట్యాంకరు ముందు వరస కట్టడం ఇవాళే చూశాను. కుళ్లాయప్ప తన క్యాను తీసుకొని చివరికి పోయి నిలబడ్డాడు.

నీళ్లు పట్టుకొని వచ్చాక సుంకమ్మ అడిగింది. "అందరికీ పెట్టినావు. నువ్వు చేయవా టీచరమ్మా?"

చేస్తాను అన్నాను. కుళ్లాయప్ప నా చేతిలోంచి కాగితం తీసుకొని, వేలు పెట్టి వెతికి, చదివాడు. "జరిగిన సంగతి జరిగినట్టు, వరసగా చెప్పగలరు. ఊ, చెప్పు."

పొద్దున చర్చిలో ఏం జరిగిందో చెప్పొచ్చు. అదే చెబుదామనుకున్నాను కూడా. నోరు తెరిస్తే ఇంకొకటి వచ్చింది. మీటింగ్ నుంచి మొదలుపెట్టి చెప్పాను. కాగితాలు, నా బద్ధకం, ఆ సాయంత్రం, టిక్కులు, పాపన్నకు మార్చిన రెండు టిక్కులు, మేడం మెచ్చుకోవడం, నా సంతోషం. ఏదీ వదల్లేదు. ట్రాక్టర్ సీటు మీద రామాంజి కూడా వింటున్నాడు.

కుళ్లాయప్ప అడిగాడు. "అయితే పెద్ద మేడం వచ్చేది మా పిల్లోళ్ల కోసం గాదు. నీ టిక్కుల కోసం."

అవును అన్నాను.

"ఉప్మా బంద్ గాదు?"

కాదు. అయితే నా ఉద్యోగం బంద్ కావొచ్చు అన్నాను.

అతను అక్కడే మట్టిలో కూలబడ్డాడు. పది రోజులుగా తెల్లారి నాలుగింటికే లేస్తున్నాడంట, ట్యూషన్ కోసం.

"టీచరమ్మకు వచ్చు" అన్నాడు తిప్పయ్య. కాలు ఇంకా దించలేదు. "టిక్కు పెట్టప్పా కుళ్లాయప్పా."

కుళ్లాయప్ప చెవి మీద పెన్సిల్ తీసి టిక్కు పెట్టాడు.

మార్చి 17

ఆఫీసు వరండాలో భారతి మేడం అన్నం తింటోంది. తినడం అయ్యాక చెబుదామనుకొని, నిలబడే చెప్పేశాను.

తిట్టలేదు. డబ్బా మూత పెట్టింది. "నీ కాగితాలు ఆరు ఊర్లల్లో చూపించినా కృపా. ఇట్లా రాయాలని చెప్పినా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత లేచి లోపలికి పోయి కొత్త కట్ట తెచ్చింది. పి.డి. మేడం రాకను ఆపలేనంది. మెమో వస్తాది, అది కూడా ఆపలేను, అంది. ఇంకా పదకొండు దినాలు ఉండాయి. ఈ తూరి అడగొద్దు. చూడు, అంది. నాలుగోసారి చెప్పినట్టు.

నేను మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచి, తింటివా అని అడిగింది. లేదన్నాను. డబ్బాలో మిగిలిన చిత్రాన్నం ఇద్దరం పంచుకున్నాం.

మార్చి 19

ట్యూషన్ ఆగింది. బెంచీలు ఖాళీ. మట్టి మళ్లీ నిండింది.

నేను పెన్సిల్ జడలో దోపుకొని ఊరికే తిరుగుతున్నాను. చౌడేశ్వరి హోటలు ఆట ఆడింది. కొబ్బరి చిప్పలు గ్లాసులు. పన్నెండు ఇచ్చింది, పదకొండే తిరిగొచ్చాయి, ఒకటి యాడ అని అందరి ఒళ్లూ వెతికింది. చక్కెర లేకుండా తాగేవాళ్లకు వేరే చిప్ప పెట్టింది. లెక్క: వచ్చు. ఎవరైనా ఆమె హోటల్లో టీ కాస్తామంటే మాత్రం చిప్ప లాక్కుంటుంది. వంతు కోసం ఆగడం: రాదు.

ఆ 'రాదు' పెట్టడానికి చాలాసేపు పట్టింది. పెట్టాక ఏమీ కాలేదు. రేపటి నుంచి హోటల్లో ఇద్దరు ఓనర్లు ఉండాలని రూలు పెట్టాను.

మార్చి 21

కరడి వచ్చిందంట. దానికి జలుబంట.

మార్చి 22

ముత్యాలప్ప చింపిరి గుడ్డపీలికలు వేరు చేస్తున్నాడు. బొమ్మ గొర్రెలకు కట్టడానికి. ఒక్కోటి పక్కన పెడుతూ కెంపు, హసిరు, బిళి అంటున్నాడు. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు. మొత్తం ఏడు రంగులు చెప్పాడు. అన్నీ కన్నడంలో. వాళ్ల అవ్వది అవతలి ఊరు, ఇంట్లో అదే మాట. నేను ఎరుపు ఎరుపు అని వాడిని చంపుకుతిన్నాను.

రంగులు: వచ్చు.

సంగతి చెప్పడం దగ్గర మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. కరడికి జలుబు చేయడం, తాత కంబళి కప్పడం, కరడి తుమ్మితే గొర్రెలు బెదిరి దొడ్డి దూకడం. ఎక్కడా వరస తప్పలేదు. 'వచ్చు'లో టిక్కు పెట్టి పక్కన చిన్నగా రాశాను: వరస బాగుంది, కరడి మాత్రం జరగలేదు.

మార్చి 25

పాపన్నకు కత్తెర రాదు. రంగులు రావు. ఒంటికాలి మీద నిలబడటం అటుంచి, రెండు కాళ్ల మీద కూడా అనుమానమే. 'రాదు' గడి నిండిపోయింది. మనసు కష్టమైంది.

పదకొండింటికి మారెప్ప చిన్నకూతురు అమ్మ కోసం ఏడ్చింది. సుంకమ్మ ఎత్తుకుంది, నేను ఎత్తుకున్నాను, ఆగలేదు. పాపన్న వచ్చి ఆమెకు వీపు ఆనించి కూర్చున్నాడు. మాట్లాడలేదు, ముఖం కూడా చూడలేదు. ఆ పిల్ల ఏడుపు తగ్గేదాకా వీపు తీయలేదు. తగ్గాక లేచి వెళ్లిపోయాడు.

కట్ట వెనక్కి తిప్పి చూస్తే ఇరవై మూడో అంశం ఉంది. ఎదుటి పిల్లల బాధ గుర్తిస్తారు. నేను దాన్ని ఇంతవరకు సరిగ్గా చదవనే లేదు.

పెన్సిల్ నొక్కి పెట్టాను, కింది కాగితం మీద కూడా పడింది.

మార్చి 28. శుక్రవారం

పది గంటలకు జీపు వచ్చింది. పి.డి. మేడం, వెనక భారతి మేడం. ఊరు ఊరంతా గోడ అవతల నిలబడింది. వరసగా.

పి.డి. మేడం రెండు కట్టలూ పక్కపక్కన పెట్టుకొని చూసింది. ఫిబ్రవరిలో ఐదు వందల ఎనభై ఆరు 'వచ్చు'లు, ఇప్పుడు మూడు వందల నలభై. నెలలో పిల్లలు మర్చిపోయారా అని అడిగింది. లేదండీ, మొదటిది నేను చూడకుండా రాశాను అన్నాను. అప్పుడు భారతి మేడం ఎవరూ అడగకుండానే, నేను కూడా చూడకుండానే సంతకం పెట్టినా మేడం, అంది.

పెద్ద మేడం చార్టు తీసి ఆపిల్ బొమ్మ చూపించి ఇదేమిటి అని అడిగింది. "ఎర్రగడ్డ" అంది చౌడేశ్వరి. మళ్లీ అడిగింది. ఎర్రగడ్డే, కూరలో కోసి వేసే ఉల్లిగడ్డ, అని అందరూ అన్నారు. ఆమె చార్టు తనవైపు తిప్పుకొని చాలాసేపు చూసి, వేసినవాడు కూడా ఎర్రగడ్డనే చూసి వేసినట్టున్నాడు అంది.

ఉప్మా వేళకు చేతులు కడుక్కోవడానికి ఆమె నేరుగా తొట్టి దగ్గరికి పోయింది. ముత్యాలప్ప చీర కొంగు పట్టుకొని లాగాడు. "నువ్వు ఎనక్కి పో" అన్నాడు. ఆమె వెనక్కి పోయి, పాపన్న వెనక, ఇరవై రెండో మనిషిగా నిలబడింది.

కింద కూర్చుని ఉప్మా తింటూ నా కాగితాల్లో ఒకచోట వేలు పెట్టింది. 'కరడి మాత్రం జరగలేదు' అంటే ఏమిటని అడిగింది. ముత్యాలప్ప పక్కనే ఉన్నాడు, వాణ్నే అడగండి అన్నాను.

పదకొండున్నరకు పోవాల్సిన జీపు ఒంటిగంటకు పోయింది.

ఏప్రిల్ 9

ఒకే కవరులో రెండు కాగితాలు. ఒకటి మెమో. తప్పుడు నివేదిక ఇచ్చినందుకు వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. రెండోది ఉత్తర్వు. ఇరవై రెండో తేదీ మీటింగులో పిల్లలను గమనించి పట్టిక నింపే విధానం గురించి కృపాకుమారి తోటి టీచర్లకు వివరించాలి.

తిట్టినారా, మెచ్చుకున్నారా అని రామాంజి అడిగాడు. రెండూ అన్నాను. అయితే ముందు అన్నం పెట్టు అన్నాడు.

సంజాయిషీ ఆరు వాక్యాల్లో రాశాను. వరసగా.

ఏప్రిల్ 22

ఇరవై ఒక్క మంది ముందు నిలబడి మాట్లాడాను. నా టిక్కులతో మొదలుపెట్టాను, గంపతో, ట్యాంకరుతో, పాపన్న వీపుతో ముగించాను. చివర్లో ఒకామె చేయెత్తి, మేము కూడా ఇంట్లో కూర్చునే రాసినాము మేడం, అంది. ఇంకెవరు అని భారతి మేడం అడిగింది. ఒక చేయి లేచింది, ఇంకొకటి. లెక్కపెట్టడం ఆపేసి, ఎత్తనివాళ్లు చేయెత్తండి అంది మేడం. గది మొత్తం నవ్వింది. ఆమె కూడా నవ్వి, ఖాళీ కట్టలు పంచింది.

ఈసారి కూడా కుర్చీలు పద్నాలుగే.

జూన్ 13

బడి తెరిచారు. చౌడేశ్వరితో పాటు ఆరుగురు ఒకటో తరగతికి పోయారు. మా దగ్గర కొత్తగా ముగ్గురు చేరారు.

అందులో ఒక పాప రోజంతా మాట్లాడలేదు. పేరు కూడా నేను అడగలేదు. ఇంటికి పోయేటప్పుడు నా కుడి చేయి తీసుకొని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ఒక చింతగింజ పెట్టి, మళ్లీ ఒక్కొక్కటే మూసింది.

కుడి చేయి ఇంకా విప్పలేదు, ఈ రోజుది ఎడమ చేత్తో రాస్తున్నాను.